ఐస్ హాకీలో కుర్ర డిఫెండర్లకు ఎంతసేపు ఆట ఇవ్వాలి: కోచ్‌ల కోసం దశలవారీ మార్గదర్శి

ఆట మొదలయ్యాక బెంచ్ వెనక నిలబడి ‘ఇప్పుడు ఎవరిని పంపాలి’ అని ఆలోచించే కోచ్ దాదాపు ప్రతిసారీ ఒకే పని చేస్తారు. ఆరుగురు డిఫెండర్లలో కాస్త నమ్మకం ఉన్న ఇద్దరినే మళ్ళీ మళ్ళీ ఐస్ మీదికి పంపుతారు. మూడో, అంటే చివరి పీరియడ్ వచ్చేసరికి ఆ ఇద్దరి కాళ్ళు బరువెక్కుతాయి. మిగతా నలుగురు కూర్చుని కూర్చుని బిగుసుకుపోతారు. ఎవరు ఎంతసేపు ఆడాలన్నది ఆటకు ముందే, కాగితం మీద తేలాలి. అది ఎలాగో చూద్దాం.

ఇది 9 నుంచి 18 ఏళ్ళ పిల్లల జట్లను నడిపే కోచ్‌ల కోసం. పిల్లలకు ఎంత ఆట దొరుకుతోందో అర్థం చేసుకోవాలనుకునే తల్లిదండ్రులకూ పనికొస్తుంది.

1. ముందుగా చేతిలో ఉండాల్సినవి

☐ ఆట సమయం గురించి మీ క్లబ్, లీగ్ రాసిపెట్టుకున్న నియమం. కొన్ని చోట్ల అందరికీ సమానంగా ఇవ్వాల్సిందే అని ఉంటుంది. అలా ఉంటే మీ సొంత లెక్కలన్నీ దానికి లోబడే ఉండాలి.
☐ పీరియడ్ ఎన్ని నిమిషాలు? విజిల్ పడినప్పుడు గడియారం ఆగుతుందా, ఆగకుండా నడుస్తుందా?
☐ ఆ వయసు జట్టుకు వర్తించే ఐసింగ్ (మధ్య గీతకు మన వైపు నుంచే పక్‌ను, అంటే ఆడే రబ్బరు బిళ్ళను, ఎదుటి గోల్ గీత దాటేలా కొట్టేయడం), పెనాల్టీ (తప్పు చేసిన ఆటగాడు కాసేపు బయట కూర్చోవడం) నియమాలు.
☐ ప్రతి డిఫెండర్ స్టిక్ ఎడమా, కుడా?
☐ గాయాలు, ఈమధ్యే జ్వరం నుంచి లేచినవాళ్ళు, నిన్న కూడా ఆట ఆడినవాళ్ళు.
☐ డిఫెండర్లను మాత్రమే చూసుకునే ఒక అసిస్టెంట్ కోచ్.

చివరిది చాలామంది పట్టించుకోరు. ఒకే మనిషి ఫార్వర్డ్‌లను, డిఫెండర్లను, రిఫరీని, స్కోరును చూసుకుంటూ నిమిషాలు సరిగ్గా పంచలేరు. అసిస్టెంట్ ఎవరూ లేకపోతే జోడీల వరుసను పిల్లలకే ముందుగా చెప్పేయండి. వాళ్ళే గుర్తుపెట్టుకుంటారు.

2. మొత్తం ఎన్ని నిమిషాలున్నాయో లెక్కేయండి

ఐస్ మీద మామూలుగా ఇద్దరు డిఫెండర్లు ఉంటారు. కాబట్టి ఆట నిమిషాలను రెండుతో గుణించి, డిఫెండర్ల సంఖ్యతో భాగిస్తే సమాన వాటా వస్తుంది. 15 నిమిషాల పీరియడ్లు మూడు అనుకుందాం. 45 నిమిషాల ఆటలో పంచాల్సింది 90 నిమిషాలు.

- ఆరుగురు ఉంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు
- ఐదుగురు ఉంటే 18 నిమిషాలు
- నలుగురే ఉంటే 22 నిమిషాల 30 సెకన్లు

దీన్ని షిఫ్టుల్లోకి (ఒక విడతలో ఐస్ మీద ఉండే సమయం) మార్చండి, ఎందుకంటే బెంచ్ మీద ఎవరూ నిమిషాలు లెక్కపెట్టరు. షిఫ్ట్ 45 సెకన్లు అనుకుంటే 45 నిమిషాల్లో 60 షిఫ్టులు వస్తాయి. మూడు జోడీలకు తలా 20, అంటే పీరియడ్‌కు ఆరేడు.

మూడు జోడీలుంటే 45 సెకన్ల పనికి 90 సెకన్ల విశ్రాంతి దొరుకుతుంది. రెండు జోడీలతోనే ఆడిస్తే పని ఎంతో విశ్రాంతీ అంతే. పిల్లలు దాన్ని ఒక పీరియడ్ తట్టుకోగలరు, మూడు పీరియడ్లు కష్టం.

ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మేటి డిఫెండర్లు ఆటకు 24, 25 నిమిషాలు ఆడటం చూసి మన జట్టులోనూ అలాగే అనుకుంటారు కొందరు. అది 60 నిమిషాల ఆట, వాళ్ళకు అదే ఉద్యోగం. ఆ అంకెలను టీవీలోనే వదిలేద్దాం.

పెనాల్టీలు వస్తే ఈ లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది. పవర్‌ప్లేలో (ఎదుటి జట్టు ఆటగాడు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు) చాలా జట్లు నలుగురు ఫార్వర్డ్‌లతో పాటు ఒక్క డిఫెండర్‌నే ఉంచుతాయి. ఒక ఆటలో వచ్చే తేడాను వదిలేయండి, నాలుగైదు ఆటల మొత్తంలో సరిచేసుకోవచ్చు.

3. వయసును బట్టి అడుగు హద్దు, పై హద్దు పెట్టండి

ఈ శాతాలు ఏ రూల్ బుక్‌లోనూ ఉన్నవి కావు, నా అంచనా. మీ క్లబ్ నియమం వేరుగా ఉంటే అదే పాటించండి.

9, 10 ఏళ్ళలోపు: సమానంగా. అసలు ‘డిఫెండర్’ అన్న ముద్రే వేయకండి. ఈరోజు వెనక ఆడినవాళ్ళు రేపు ముందు ఆడాలి.

11, 12 ఏళ్ళు: సమాన వాటాలో 90 నుంచి 110 శాతం. పవర్‌ప్లే, పెనాల్టీ కిల్ (మన ఆటగాడు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు గోల్ పడకుండా కాచుకోవడం) కూడా వంతులవారీగా.

13, 14 ఏళ్ళు: 80 నుంచి 120 శాతం. అమెరికాలో 14 ఏళ్ళలోపు విభాగంలో, కెనడాలో 15 ఏళ్ళలోపు విభాగంలో బాడీ చెకింగ్ (పక్ ఉన్న ఆటగాణ్ని శరీరంతో ఢీకొట్టి ఆపడం) మొదలవుతుంది. అదే సమయంలో ఒకరు అడుగు ఎత్తు పెరిగి, పక్కవాళ్ళు ఇంకా చిన్నగానే ఉంటారు. ఈ రెండేళ్ళలో ‘ఎవరు బాగా ఆడుతున్నారు’ అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ‘ఎవరు ముందు పెరిగారు’ అన్నదే అవుతుంది. అందుకే తేడా ఎక్కువ చేయొద్దంటాను.

15 నుంచి 18 ఏళ్ళు: 65 నుంచి 130 శాతం. ఇక్కడ ఆటతీరును బట్టి నిమిషాలు ఇవ్వడం న్యాయమే. అయినా యూనిఫాం వేయించి తీసుకొచ్చి రెండు షిఫ్టులు ఇచ్చి కూర్చోబెట్టడం మాత్రం న్యాయం కాదు. ఆడించే ఉద్దేశం లేకపోతే ముందురోజే చెప్పేయండి.

అమలు చేయడం అనుకున్నంత కష్టం కాదు. పైన చెప్పిన 60 షిఫ్టుల ఆటలో మూడో జోడీ నుంచి పీరియడ్‌కు ఒక్క షిఫ్ట్ తీసి మొదటి జోడీకి ఇవ్వండి. 20-20-20 కాస్తా 23-20-17 అవుతుంది. మొదటి జోడీకి 17 నిమిషాల 15 సెకన్లు, మూడో జోడీకి 12 నిమిషాల 45 సెకన్లు. 13, 14 ఏళ్ళ జట్టుకు ఇది చాలు. పీరియడ్‌కు రెండో షిఫ్ట్ కూడా తీసేస్తే మూడో జోడీ వాటా 70 శాతానికి పడిపోతుంది. బెంచ్ మీద నుంచి చూస్తే ఆ రెండో షిఫ్ట్ పోయినట్టే తెలియదు, ఆట మధ్యలో తీసుకునే నిర్ణయాల్లో ఉన్న ప్రమాదం అదే.

4. ఆటతీరును దేన్ని చూసి అంచనా వేయాలి

స్కోరుబోర్డు చూసి కాదు. ప్లస్-మైనస్ చూసి అసలే కాదు. ఎదుటివాళ్ళ పవర్‌ప్లేలో తప్ప, మన మీద గోల్ పడినప్పుడు ఐస్ మీద ఉన్న మన ఆటగాళ్ళందరికీ మైనస్ పడుతుంది, మనం గోల్ చేస్తే ప్లస్. ఆ గోల్ గోలీ (గోల్‌కీపర్) వదిలేసిందా, ఫార్వర్డ్ వెనక్కి రాకపోవడం వల్ల పడిందా అన్నది ఆ అంకె చెప్పదు. ఎదుటి జట్టు గట్టి లైన్ (కలిసి ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌లు) మీద ఆడేవాళ్ళకు మైనస్ ఎక్కువ రావడం సహజం.

ఒక పేరెంట్‌కో, గాయంతో కూర్చున్న ఆటగాడికో నోట్‌బుక్ ఇచ్చి మూడే మూడు విషయాలకు గీతలు పెట్టమనండి.

మొదటిది, పక్ బయటికి తీయడం. మన జోన్‌లో (మన గోల్ ఉన్న వైపు భాగంలో) పక్ అందుకున్న ప్రతిసారీ ఏమైంది? సరైన పాస్ వెళ్ళిందా, తానే స్కేట్ చేసుకుంటూ బయటికి తెచ్చారా, గోడకు కొట్టి గట్టెక్కారా, ఎదుటివాళ్ళకు అప్పగించారా? గోడకు కొట్టడం తప్పేమీ కాదు. కానీ ప్రతిసారీ అదే చేస్తుంటే ఆ పిల్లలు భయపడుతున్నారని అర్థం.

రెండోది, బ్లూలైన్ (మన జోన్ మొదలయ్యే నీలి గీత) దగ్గర అడ్డుకోవడం. ఎదుటి ఆటగాడు పక్‌తో దూసుకొస్తున్నప్పుడు డిఫెండర్ తగినంత దగ్గరగా ఉండి, అతను పక్‌ను లోపలికి విసిరేయక తప్పని పరిస్థితి తెచ్చారా, లేక గోల్ దాకా వెనక్కి వెనక్కి జరుగుతూ దారి ఇచ్చేశారా?

మూడోది, గోల్ ముందు కాపలా. ఎదుటి ఆటగాడి స్టిక్‌ను పట్టించుకున్నారా, పక్‌నే చూస్తూ ఉండిపోయారా?

వీటికి తోడు మీరు కంటితో చూడాల్సింది ఒకటుంది. మూలలో ఉన్న పక్ కోసం వెళ్ళేటప్పుడు, దాన్ని అందుకోకముందే తల తిప్పి భుజం మీంచి వెనక్కి చూస్తున్నారా? ఈ అలవాటు ఉన్న పిల్లల చేతుల్లో ఇవాళ పొరపాట్లు జరిగినా రేపు మెరుగవుతారు. లేనివాళ్ళు పెద్ద వయసు ఆటలోకి వెళ్ళేకొద్దీ తడబడతారు. పైగా వెనక నుంచి ఎవరు గుద్దడానికి వస్తున్నారో తెలియకపోతే గాయాలూ ఎక్కువే.

ఒక్క ఆట గీతలు చూసి జోడీలు మార్చకండి. కనీసం నాలుగైదు ఆటలవి కలిపి చూడండి.

5. జోడీలు కట్టండి

ఎడమ స్టిక్‌తో ఒకరు, కుడి స్టిక్‌తో ఒకరు దొరికితే హాయి. దొరకరు. చాలా జట్లలో ఎడమ స్టిక్ వాళ్ళే ఎక్కువ. కాబట్టి అలవాటు లేని వైపు ఎవరు ఇబ్బంది పడకుండా ఆడగలరో ప్రాక్టీసులో చూసిపెట్టుకోండి.

ఆ తర్వాత స్వభావాలు చూడండి. పక్ తీసుకుని ముందుకు ఉరికేవాళ్ళ పక్కన వెనక నిలబడేవాళ్ళను పెట్టండి. ఇద్దరూ ఉరికేవాళ్ళే అయితే వెనక ఎవరూ మిగలరు. ఇద్దరూ నిలబడేవాళ్ళే అయితే పక్ మన జోన్ దాటదు.

బలహీనంగా ఉన్న ఇద్దరినీ కలిపి మూడో జోడీగా మూలకు నెట్టేస్తే వాళ్ళకు నేర్చుకునే దారే ఉండదు. ఇద్దరికీ అనుభవం ఉన్న జోడీదారు దొరకాలి.

ఐదుగురే ఉన్నప్పుడు ఈ వరుస వాడండి: 1-2, 3-4, 5-1, 2-3, 4-5. మళ్ళీ మొదటికి. ఒక్కొక్కరు ఐదు షిఫ్టుల్లో రెండు ఆడతారు, ఎవరికీ వెంటవెంటనే రెండు పడవు. 1, 3, 5 ఎడమ వైపు, 2, 4 కుడి వైపు ఆడితే 5-1 జోడీలో మాత్రమే ఒకరు వైపు మారాల్సి వస్తుంది. రెండు వైపులా ఆడగలిగేవాళ్ళను 1గానో 5గానో పెట్టుకుంటే సరిపోతుంది.

6. ఏ నిమిషాలు ఎవరికి

పన్నెండు నిమిషాలు ఆడిన ఇద్దరు పిల్లలు ఒకే ఆట ఆడినట్టు కాదు. ఒకరు ఎదుటి జట్టు మూడో లైన్ మీద, మన జట్టు మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆడి ఉండొచ్చు. ఇంకొకరు మన జోన్‌లో ఫేస్‌ఆఫ్‌తో (రిఫరీ ఇద్దరి మధ్య పక్ వదిలి ఆట మొదలుపెట్టడం) మొదలయ్యే షిఫ్టులే ఆడి ఉండొచ్చు. నిమిషాలు పంచే కోచ్‌లు చాలామందే ఉన్నారు, వాటి బరువును కూడా పంచేవాళ్ళు తక్కువ.

తేలికైనవి: ఎదుటి జోన్‌లో ఫేస్‌ఆఫ్‌తో మొదలయ్యే షిఫ్ట్, ఎదుటివాళ్ళ కింది లైన్ మీద షిఫ్ట్, పీరియడ్ తొలి నిమిషాలు.

మధ్యస్థం: సెంటర్ ఐస్ ఫేస్‌ఆఫ్, పవర్‌ప్లే రెండో యూనిట్, ఆట నడుస్తుండగానే మారే షిఫ్టులు.

బరువైనవి: మన జోన్‌లో ఫేస్‌ఆఫ్, ఎదుటివాళ్ళ మొదటి లైన్, పెనాల్టీ కిల్, ఒక గోల్ తేడాతో చివరి రెండు నిమిషాలు.

కొత్త డిఫెండర్‌కు తేలికైనవాటితో మొదలుపెట్టి ప్రతి ఆటలో ఒకటో రెండో బరువైన షిఫ్టులు కావాలనే ఇవ్వండి. మొదటి పీరియడ్‌లో ఇస్తే మంచిది. గోల్ పడినా తేరుకోవడానికి టైమ్ ఉంటుంది, పిల్లలకూ టెన్షన్ తక్కువ. బరువైన నిమిషాలను పూర్తిగా దాచిపెట్టి, ఫైనల్ రోజు ఎవరో గాయపడ్డాక చివరి నిమిషంలో దించితే ఆ తప్పు పిల్లలది కాదు.

పెనాల్టీ కిల్ గురించి ఒక మాట. అమెరికాలో 14 ఏళ్ళు, అంతకంటే చిన్న విభాగాల్లో ఒక ఆటగాడు తక్కువ ఉన్నప్పుడు కూడా పక్‌ను దూరంగా కొట్టేస్తే ఐసింగ్ ఇస్తారు. 2017లో తెచ్చిన మార్పు ఇది. పెద్దల ఆటలో లాగా కొట్టేసి ఊపిరి పీల్చుకునే వీల్లేదు, పాస్ ఇచ్చో స్కేట్ చేసో బయటపడాలి. కాబట్టి ఆ వయసులో పెనాల్టీ కిల్‌కు పొడుగువాళ్ళకన్నా పక్ మీద నిదానం ఉన్నవాళ్ళే పనికొస్తారు.

7. కార్డు రాసి బెంచ్‌కు తీసుకెళ్ళండి

అరచేతిలో పట్టే కార్డు చాలు. మీద ఇవి ఉండాలి:

☐ మూడు జోడీలు, ఎవరు ఏ వైపు
☐ ప్రతి పీరియడ్‌లో ఎవరి షిఫ్ట్ ఎవరికి వెళ్తుంది
☐ పవర్‌ప్లే, పెనాల్టీ కిల్ వంతులు
☐ ఈరోజు బరువైన షిఫ్టులు ఎవరికి ఇవ్వాలనుకున్నారో
☐ ఒకరు ఆడలేకపోతే పాటించే ఐదుగురి వరుస

ప్రతి షిఫ్ట్‌కు ఆ జోడీ పక్కన గీత పెట్టమని అసిస్టెంట్‌కు చెప్పండి. పీరియడ్ విరామంలో పది సెకన్లు కార్డు చూస్తే ఎవరు వెనకబడ్డారో తెలిసిపోతుంది, తర్వాతి పీరియడ్‌లో సర్దేయొచ్చు.

8. పొరపాటు జరిగినప్పుడు

ఫార్వర్డ్ పక్ పోగొట్టుకుంటే వెనక ఇంకా ఇద్దరున్నారు. డిఫెండర్ పోగొట్టుకుంటే వెనక గోలీ ఒక్కరే. అందుకే డిఫెండర్ల పొరపాట్లు అందరికీ కనబడతాయి, అందుకే బెంచ్ శిక్షలూ ఎక్కువగా వాళ్ళకే పడతాయి.

నియమం ఇలా పెట్టుకోండి: ప్రయత్నంలో జరిగిన పొరపాటుకు తర్వాతి షిఫ్ట్ పోదు. మధ్యలోకి పాస్ ఇవ్వబోయి పక్ పోయింది, గోల్ పడింది. సరే. పిల్లలు బెంచ్‌కు రాగానే అరవకండి, నీళ్ళు తాగనివ్వండి. ఆ తర్వాత ఒకే ప్రశ్న: “నీకు అక్కడ ఇంకెవరు కనిపించారు?” జవాబు విని, “తర్వాతిసారి గోడవైపు ఉన్నవాళ్ళను కూడా చూడు, నీ వంతు వస్తోంది, రెడీగా ఉండు” అని పంపండి.

షిఫ్ట్ పోవాల్సినవి వేరే ఉన్నాయి. ప్రమాదకరంగా వెనక నుంచి గుద్దడం, కావాలని వెనక్కి రాకపోవడం, షిఫ్ట్ అయ్యాక బెంచ్‌కు రాకుండా ఐస్ మీదే ఉండిపోవడం, జోడీదారును తిట్టడం. వీటికి ఎన్ని షిఫ్టులు పోతాయో సీజన్ మొదట్లోనే చెప్పి, జట్టులో మేటి ఆటగాడికీ అదే వర్తింపజేయండి. అక్కడ మినహాయింపు ఇచ్చారో, మిగతా నియమాలన్నీ నీటిమీద రాతలే.

భయంతో వణికిపోతున్న పిల్లలకు ఒక్క షిఫ్ట్ విరామం ఇవ్వడం శిక్ష కాదు. కానీ అది శిక్ష కాదని వాళ్ళకు చెప్పాలి.

9. అలసటను కనిపెట్టండి, ముఖ్యంగా రెండో పీరియడ్‌లో

రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారడంతో మీ గోల్ మీ బెంచ్‌కు దూరమవుతుంది. అలసిన డిఫెండర్లు మారాలంటే ఎక్కువ దూరం స్కేట్ చేయాలి. మన జోన్‌లో ఒత్తిడి ఉంటే మారడానికే కుదరదు. 45 సెకన్లు అనుకున్న షిఫ్ట్ నిమిషంన్నర అవుతుంది. దానికి తోడు చాలా లీగుల్లో ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్ళను మార్చడానికి వీల్లేదు. అలసిన ఇద్దరు పక్‌ను కొట్టేస్తారు, ఐసింగ్ పడుతుంది, మళ్ళీ ఆ ఇద్దరే మన జోన్‌లో ఫేస్‌ఆఫ్‌కు నిలబడతారు. గోల్ పడేది అప్పుడే.

దీనికి మందు: రెండో పీరియడ్‌లో 35 సెకన్లకే మార్పు కోసం చూడమని చెప్పండి. పక్ ఎదుటి జోన్ లోతుకు వెళ్ళినప్పుడు ముందు బెంచ్‌కు దగ్గరగా ఉన్న డిఫెండర్, ఆ తర్వాత రెండోవాళ్ళు మారాలి. నిమిషం దాటి ఇరుక్కుపోయిన జోడీని వచ్చే వంతులో ఒక షిఫ్ట్ ఆలస్యంగా పంపండి.

అలసట గుర్తులు: నడుము వంచి స్టిక్‌ను మోకాళ్ళ మీద ఆన్చడం, అడుగులు వేయకుండా జారుతూ పోవడం, స్టిక్ ఒక్కటే చాచి ఆపబోవడం. చివరిది ఎక్కువగా పెనాల్టీతో ముగుస్తుంది.

తలకు దెబ్బ తగిలి అదిరిన సూచన ఏదైనా కనిపిస్తే నిమిషాల చర్చే లేదు. ఆ పిల్లలు ఆరోజు మళ్ళీ ఐస్ మీదికి వెళ్ళకూడదు, డాక్టర్ ఒప్పుకున్నాకే మళ్ళీ ఆట.

10. పిల్లలతో, పెద్దవాళ్ళతో మాట్లాడటం

పిల్లలకు అంకె కన్నా దారి చెప్పాలి. “నువ్వు ఇప్పుడు పీరియడ్‌కు ఐదారు షిఫ్టులు ఆడుతున్నావు. బ్లూలైన్ దగ్గర వెనక్కి జరిగిపోకుండా ఆపగలిగితే ఇంకొకటి ఇస్తాను. మంగళవారం ప్రాక్టీసులో దానిమీదే పనిచేద్దాం.” ఇలా చెప్పాక రెండు వారాల్లో వాళ్ళు మెరుగైతే ఆ షిఫ్ట్ ఇచ్చి తీరాలి.

తల్లిదండ్రులతో ఆట అయిన వెంటనే రింక్ బయట మాట్లాడకండి. “రేపు సాయంత్రం ఫోన్ చేస్తాను, మీ అబ్బాయి షిఫ్టుల కార్డు నా దగ్గరుంది, దాన్ని చూస్తూ మాట్లాడుకుందాం” అనండి. గీతలు చేతిలో ఉంటే వాదన సగం తగ్గుతుంది. వేరే పిల్లలతో పోలిక మాత్రం ఎంత అడిగినా తేవద్దు.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

వెనకబడ్డ వెంటనే రెండు జోడీలకు కుదించడం. రెండో పీరియడ్‌లోనే కుదిస్తే మూడో పీరియడ్‌లో ఆడటానికి ఎవరూ మిగలరు. పెద్ద వయసు జట్టయితే చివరి ఐదు నిమిషాలకు మాత్రమే కుదించండి, చిన్నవాళ్ళ జట్టుకు అసలొద్దు.

పొడుగు చూసి నిమిషాలు ఇవ్వడం. నోట్‌బుక్‌లో గీతలు పక్కన పెట్టుకుని, పేర్లు మూసేసి చూడండి. ఎవరికి ఇవ్వాలో తేలిపోతుంది.

కోచ్ సొంత బిడ్డ జట్టులో ఉండటం. కొందరు ఎక్కువ ఇస్తారు, కొందరు మాట పడకూడదని తక్కువ ఇస్తారు. ఆ ఒక్కరి నిమిషాలు అసిస్టెంట్‌కు అప్పగించేయండి.

ఏడుగురు డిఫెండర్లు రావడం. ఒకరిని ఖాళీగా కూర్చోబెట్టే బదులు ఆరోజుకు ఒకరిని ఫార్వర్డ్‌గా ఆడించండి. ప్రతి ఆటకూ మనిషిని మార్చండి.

ప్రాక్టీసుకు రానివాళ్ళకు ఎలా ఇవ్వాలో తేలకపోవడం. కారణం అడగండి. పరీక్షో, ఇంట్లో వీలు కాకపోవడమో అయితే వాటా తగ్గించొద్దు. బండి నడిపి తీసుకురావాల్సింది పెద్దవాళ్ళని మర్చిపోకూడదు.

12. నాలుగైదు ఆటలకోసారి సరిచూసుకోండి

☐ కార్డుల్లో గీతలన్నీ కలిపి ప్రతి ఒక్కరి మొత్తం షిఫ్టులు
☐ హద్దు దాటినవాళ్ళు, హద్దుకు తగ్గినవాళ్ళు
☐ ఒక్క బరువైన షిఫ్ట్ కూడా దొరకనివాళ్ళు
☐ పవర్‌ప్లే ఎప్పుడూ రానివాళ్ళు
☐ మూడు గీతల్లో మెరుగైనవాళ్ళు, వాళ్ళకు మీరు మాటిచ్చిన షిఫ్ట్ అందిందా
☐ ఎప్పుడూ ఒకే జోడీదారుతో ఆడుతున్నవాళ్ళు

ఎవరికైనా వాటా తగ్గినట్టు తేలితే వచ్చే ఆట మొదటి పీరియడ్‌లోనే ఇచ్చేయండి. మూడో పీరియడ్‌కు దాచిపెడితే స్కోరు దగ్గరగా ఉందన్న సాకుతో మళ్ళీ వాయిదా పడుతుంది.